బూటు మీద పువ్వు ఊడితే

2019లో అమెరికాలో టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థ సుమారు 29 వేల జతల పసిపిల్లల బూట్లను రీకాల్ చేసింది. ముందుభాగంలో యూనికార్న్ ముఖం ఉన్న బూట్లవి. నుదుటి మీద చిన్న కొమ్ము. ఆ కొమ్ము ఊడి చేతికి వస్తోందని, పిల్లల నోట్లోకి వెళ్తే గొంతుకు అడ్డం పడుతుందని రీకాల్. అట్ట విరగలేదు, కుట్టు తెగలేదు, తోలు నాసిరకం కాదు. బూటు బూటుగా బాగానే ఉంది. నడకతో ఏ సంబంధమూ లేని ఒక అలంకారం వల్ల మొత్తం సరుకు దుకాణాల అరల మీంచి దిగిపోయింది.

పిల్లల పాదరక్షల రీకాల్స్‌లో గొంతుకు అడ్డం పడే ప్రమాదం వల్ల జరిగే వాటిని వరసగా చూస్తే కథ దాదాపు ఇదే. పువ్వు, పూస, రివెట్, బో, జిప్పుకు వేలాడే బొమ్మ. బూటును కాలికి పట్టి ఉంచే భాగాల కంటే, బూటును కంటికి ఇంపుగా చేసే భాగాలే ఎక్కువగా ఊడతాయి. ఏడాది బిడ్డకు తన బూటు మీద యూనికార్న్ ఉందో ఏనుగు ఉందో పట్టదు. ఆ కొమ్ము కొనేవాళ్ల కోసం పెట్టింది. దాన్ని నోట్లో పెట్టుకునేది మాత్రం బిడ్డే.

రీకాల్ ప్రకటన ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడాలి. అమెరికాలో వీటిని వెలువరించేది వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్. 1972 చట్టంతో పుట్టిన సంస్థ. ప్రకటన చిన్నదే. సరుకు పేరు, ఫొటో, ఎన్ని అమ్మారు, ఎక్కడ అమ్మారు, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఎంత ధరకు, ఏ దేశంలో తయారైంది, లోపల నాలుక మీదో అట్ట మీదో ఉన్న నంబరు ఏది, ఇవన్నీ ఉంటాయి. ప్రమాదం ఏమిటో ఒక వాక్యం. వెంటనే పిల్లల దగ్గర నుంచి తీసేసుకోండి, డబ్బు వాపసు తీసుకోండి అని ఇంకో వాక్యం. వీటితో పాటు ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎవరికైనా దెబ్బ తగిలిందా అన్న లెక్క. చాలా ప్రకటనల్లో ఈ రెండోదానికి జవాబు 'ఎవరికీ లేదు' అనే ఉంటుంది. అది చదివి, ఎవరికీ ఏమీ కాకపోతే ఇంత హడావిడి దేనికి అనుకునేవాళ్లున్నారు. నిజానికి ఆ 'లేదు' ఉన్న ప్రకటనే సరైన వేళకు వచ్చిన ప్రకటన. దెబ్బ తగిలాక వచ్చే రీకాల్ ఒక బిడ్డ విషయంలో ఆలస్యమైనట్టే.

మరి ఇలాంటి బూటు అసలు బజారులోకి ఎలా వచ్చింది? మూడేళ్ల లోపు పిల్లల వస్తువుల్లో చిన్న ముక్కలు ఉండకూడదని అమెరికాలో నిబంధన ఉంది కదా? ఉంది. 1980 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దానికి కొలమానం ఒక గొట్టం. లోపలి వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. అడుగు ఏటవాలుగా ఉంటుంది, ఒక పక్క 25.4, ఇంకో పక్క 57.1 మిల్లీమీటర్ల లోతు. వస్తువును గానీ, దాన్నుంచి ఊడిన ముక్కను గానీ ఏ కోణంలోనైనా, నొక్కకుండా అందులో వేస్తే పూర్తిగా లోపలికి దిగిపోయిందా, అది 'చిన్న ముక్క'. అమ్మకానికి పనికిరాదు. మన పది రూపాయల బిళ్ల వెడల్పు 27 మిల్లీమీటర్లు, కాబట్టి అది అందులో హాయిగా పడిపోతుంది. చిన్న ముక్క అంటే కందిగింజంత అనుకునేవాళ్లకు ఈ కొలత కొంచెం ఆశ్చర్యంగానే ఉంటుంది.

గొట్టంలో వేసే ముందు వస్తువును పిల్లలు పెట్టే బాధలన్నీ పెడతారు. ఏడాదిన్నర లోపు పిల్లల వస్తువైతే నాలుగున్నర అడుగుల ఎత్తు నుంచి పదిసార్లు పడేస్తారు. అంటించిన భాగాన్ని మెలిపెడతారు. పట్టుకుని లాగుతారు, సుమారు నాలుగున్నర కిలోల బరువుకు సమానమైన బలంతో. ఏడాదిన్నర దాటిన వయసుకైతే అది ఏడు కిలోల దగ్గరికి వెళ్తుంది. ఒక్క ఊపులో లాగి వదిలేయడం కాదు, పది సెకన్లు అలాగే పట్టి ఉంచాలి. కొరికే పరీక్ష కూడా విడిగా రాసి ఉంది గానీ ఈ నిబంధన దాన్ని వాడుకోలేదు. నోటి కోసం రాసిన నిబంధనలోంచి పళ్లను తీసేయడం నాకు ఇప్పటికీ వింతగానే తోస్తుంది.

ఇంతకంటే పెద్ద వింత ఆ నిబంధనలోనే ఉంది. ఏయే వస్తువులకు ఇది వర్తించదో ఒక పట్టిక ఇచ్చారు. బెలూన్లు, పుస్తకాలు, క్రేయాన్లు, బంకమట్టి, టూత్ బ్రష్షులు. ఆ వరసలోనే పిల్లల దుస్తులు, వాటికి సంబంధించిన చిన్న సామాను కూడా ఉంది. ఉదాహరణగా పేరుపెట్టి చెప్పినవి రెండే: గుండీలు, బూటు లేసుల పట్టీలు.

అంటే బొమ్మ గుర్రానికి ఉన్న కొమ్ము ఊడకూడదని చట్టం ముందే పరీక్ష పెడుతుంది. దుస్తుల లెక్కలోకి వచ్చే బూటు మీద అదే కొమ్ము ఉంటే పరీక్ష లేదు. ఈ మినహాయింపు రాసినవాళ్లను తప్పు పట్టడం తేలికే గానీ, వాళ్ల ఇబ్బందీ అర్థమవుతుంది. గుండీ లేని చొక్కా, కొస లేని లేసు ఉండవు. అన్నిటినీ గొట్టంలో వేసి చూస్తే పిల్లలకు బట్టలే దొరకవు. కాకపోతే వాళ్లు రాసింది పనిచేసే భాగాన్ని కాపాడటానికి. ఆ నీడలోకి పనిలేని భాగాలు కూడా చేరాయి. బకిల్ ఉండాలి, లేకపోతే చెప్పు కాలికి నిలవదు. బకిల్ మీద అంటించిన గాజురాయి లేకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడమే మొత్తం వ్యవహారంలో లోపమని నా అభిప్రాయం.

పరీక్ష నుంచి మినహాయింపు ఉన్నంత మాత్రాన బాధ్యత నుంచి మినహాయింపు లేదు. అక్కడి చట్టంలో 15వ సెక్షన్ ప్రకారం తన సరుకులో పెద్ద ప్రమాదానికి దారితీసే లోపం ఉందని తెలిసిన కంపెనీ 24 గంటల్లో కమిషన్‌కు చెప్పాలి. తయారీదారే కాదు, దిగుమతిదారు, అమ్మేవాడు కూడా. చెప్పకుండా దాచితే జరిమానాలు గట్టిగా ఉంటాయి. బూట్ల రీకాల్స్ అన్నీ ఈ దారిలో వచ్చేవే. పేరున్న కంపెనీలు తమంతట తామే బూట్ల మీది అలంకారాలకు లాగే పరీక్ష చేయించుకుంటాయి, అది వాళ్ల జాగ్రత్త. చట్టం వరకు చూస్తే బొమ్మకు పరీక్ష బజారుకు రాకముందు, బూటుకు బజారుకు వచ్చాక. ఆ పరీక్ష చేసేది ప్రయోగశాల కాదు, ఏదో ఒక ఇంట్లో బిడ్డ నోట్లోంచి కొమ్మును బయటికి తీసి ఫిర్యాదు రాసిన తల్లి.

నోట్లోకి వెళ్లిన ముక్క ఏం చేస్తుందన్నది కూడా చెప్పుకోవాలి. అన్నప్రాశన నాడు ముందు పెట్టిన పుస్తకం, పెన్ను, బంగారం, వీటిలో బిడ్డ ఏది పట్టుకుందో చూసి పెద్దవాళ్లు జాతకం చెబుతారు. పట్టుకున్నది ఏదైనా ఆ తర్వాత వెళ్లేది నోట్లోకే. ఆ వయసులో లోకాన్ని తెలుసుకునే దారి అది. వెనక దవడపళ్లు ఇంకా రావు. మింగడం, ఊపిరి తీయడం ఒకదానికొకటి అడ్డు రాకుండా నడిపే నేర్పు పూర్తిగా కుదరదు. శ్వాసనాళం సుమారుగా ఆ బిడ్డ చిటికెన వేలంత. పెద్దవాళ్లకు గట్టిగా దగ్గితే వచ్చేసే ముక్క అక్కడ దారినే మూసేయగలదు.

పూర్తిగా మూసుకుపోతే దగ్గు రాదు, ఏడుపు రాదు. గొంతులోంచి చప్పుడే రాదు కాబట్టి పక్క గదిలో ఉన్నవాళ్లకు తెలియదు. సగం మూసుకుంటే ఇంకో రకం ఇబ్బంది. కాసేపు ఉక్కిరిబిక్కిరై దగ్గుతుంది, తర్వాత సర్దుకుంటుంది. మనవాళ్లు పొలమారింది, ఎవరో తలుచుకుంటున్నారు అని మాడు మీద తట్టి ఊరుకుంటారు. ముక్క మాత్రం ఊపిరితిత్తుల దారిలో ఎక్కడో కూర్చుంటుంది. వారాల తరబడి పిల్లికూతలు, జ్వరం, ఆస్తమా మందు, న్యుమోనియా మందు. ప్లాస్టిక్ ముక్కలు మామూలు ఎక్స్‌రేలో కనపడవు. చివరికి ఏ పెద్దాసుపత్రిలోనో మత్తు ఇచ్చి బ్రాంకోస్కోపీ చేసి తీస్తే అసలు సంగతి తేలుతుంది. మన దేశంలో ఇలా తీసే వాటిలో గింజలదే పెద్ద వాటా, వేరుసెనగ గింజ అందులో ముందుంటుంది. నిజం చెప్పాలంటే బూటు మీది పువ్వు కంటే పల్లీ గింజే మన పిల్లలకు పెద్ద శత్రువు. అయినా పల్లీని రీకాల్ చేయలేం, పువ్వును చేయగలం.

రెండు రకాల బూట్ల గురించి విడిగా ఒక మాట. అడుగు వేస్తే కుయ్ కుయ్‌మనే చెప్పులు మన ఇళ్లల్లో బాగా తెలిసినవే. మడమ కింద చిన్న ప్లాస్టిక్ ఈల ఉంటుంది. అట్ట అరిగి చీలితే అది బయటికి వస్తుంది. సరిగ్గా శ్వాసనాళంలో ఇరికే సైజు, పైగా గాలి పోతే కూత పెడుతుంది. రెండోది నడిస్తే మెరిసే బూట్లు. 1990ల మొదట్లో ఎల్.ఏ. గేర్ కంపెనీ వీటిని ఫ్యాషన్ చేసింది. అప్పట్లో వెలగడానికి పాదరసం స్విచ్ వాడారు, ఆ గొడవ వేరు. ఇప్పటి వాటిలో బటన్ బ్యాటరీ ఉంటుంది. మామూలుగా అంతా జిగురులో ముద్ద చేసి లోపల బిగిస్తారు కాబట్టి తేలిగ్గా రాదు. వచ్చి, బిడ్డ మింగి, ఆహారనాళంలో ఆగితే మాత్రం అది అడ్డం పడటం కంటే ఘోరం. రెండు గంటల్లోనే లోపలి పొరను కాల్చేయగలదు. ఆస్ట్రేలియా ఈ బ్యాటరీలున్న వస్తువులకు 2022 జూన్ నుంచి తప్పనిసరి ప్రమాణాలు పెట్టింది. అదే ఏడు ఆగస్టులో అమెరికా ఇదే పని కోసం రీస్ చట్టం తెచ్చింది.

ఇక రీకాల్ చేశాక ఏమవుతుంది? ఇక్కడే లెక్క నిరాశపెడుతుంది. 2017లో అమెరికా కమిషన్ రీకాల్స్ ఎంతవరకు పనిచేస్తున్నాయో చూడటానికి ఒక సమావేశం పెట్టింది. దుకాణాల్లో, గోదాముల్లో ఉన్న సరుకు చాలావరకు వెనక్కి వస్తోంది. కొన్నవాళ్ల ఇళ్లల్లోంచి వచ్చేది సుమారు 6 శాతమే అని తేలింది. కారు రీకాల్ అయితే ఇంటికి ఉత్తరం వస్తుంది, ఎందుకంటే కారు ఎవరిదో రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఉంటుంది. బూట్లకు అలాంటి పుస్తకం లేదు. ధర తక్కువ, దాని కోసం దుకాణం దాకా వెళ్లే ఓపిక ఎవరికీ ఉండదు. పైగా పసిపిల్లల పాదాలు నెలల్లో పెరుగుతాయి. ప్రకటన వచ్చేసరికి ఆ జత ఆ ఇంట్లోనే ఉండదు.

ఎక్కడుంటుంది? తెలుగువాళ్ల విషయంలో నేను చెప్పగలను. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో బిడ్డ కాలికి బిగుతైన బూట్లు కడిగి, ఆరబెట్టి, వేసవి సెలవులకు వచ్చేటప్పుడు సూట్‌కేసులో సర్దుకుంటారు. గుంటూరులో తమ్ముడి కూతురికో, కరీంనగర్‌లో ఆడపడుచు మనవడికో సరిపోతాయి. 'అమెరికా బూట్లు' కాబట్టి ఇంకా గొప్ప. రీకాల్ ఈమెయిల్ డాలస్‌లో కొన్న ఖాతాకు వస్తుంది, ఎవరూ తెరవరు. తెరిచినా ఫలానా జత ఎవరికిచ్చామో గుర్తుండదు. ఇవ్వడంలో తప్పేమీ లేదు, నాకు ఆ అలవాటు ఇష్టం కూడా. ఇచ్చే ముందు లోపలి నంబరును కమిషన్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడటానికి పట్టేది రెండు నిమిషాలు.

ఆన్‌లైన్ అమ్మకాలు ఈ సమస్యను ఒక పక్క ముదరబెట్టి, ఇంకో పక్క పరిష్కారం దారీ చూపించాయి. ఎక్కడో చైనాలో ఉన్న పేరు తెలియని అమ్మకందారు, మధ్యలో వేదిక, చివర కొన్న తల్లి. లోపం బయటపడితే ఎవరిని పట్టుకోవాలి? 2024 జులైలో అమెరికా కమిషన్ ఒక తీర్పు ఇచ్చింది. తన గోదాముల్లో పెట్టి, తానే పంపే సరుకు విషయంలో అమెజాన్ కూడా పంపిణీదారే, రీకాల్ బాధ్యత దానికీ ఉందని చెప్పింది. యూరప్‌లో 2024 డిసెంబరు 13 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త భద్రతా నియమావళి కూడా వేదికల మీద బాధ్యత పెట్టింది. కొన్నవాళ్ల చిరునామా తెలిసినప్పుడు వాళ్లకు నేరుగా చెప్పాల్సిందే అంటోంది. యూరోపియన్ యూనియన్ సభ్య దేశాలన్నీ సేఫ్టీ గేట్ అనే ఒకే చోట ప్రమాదకర సరుకుల వివరాలు ఫొటోలతో సహా పెడతాయి. ఎవరైనా చూడొచ్చు.

మన దగ్గరికి వస్తే, చట్టం లేదనే మాట ఇప్పుడు చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20న అమల్లోకి వచ్చింది. దాని కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ప్రమాదకరమైన సరుకును వెనక్కి రప్పించే అధికారం 20వ సెక్షన్ ఇచ్చింది. ఆ అధికారం కాగితం మీదే ఆగిపోలేదు. 2022 ఆగస్టులో ప్రమాణాలకు తూగని ప్రెషర్ కుక్కర్లు అమ్మినందుకు అమెజాన్‌ను ఆదేశించింది. 2,265 కుక్కర్లు కొన్నవాళ్లందరికీ తెలియజేసి, వెనక్కి తీసుకుని, డబ్బు తిరిగివ్వమంది, లక్ష రూపాయల జరిమానా వేసింది. ఫ్లిప్‌కార్ట్‌కు 598 కుక్కర్ల విషయంలో ఇలాంటి ఆదేశమే వెళ్లింది. అంకెలు ఇంత కచ్చితంగా ఎలా వచ్చాయి? ఆన్‌లైన్ అమ్మకం కాబట్టి. ప్రతి కుక్కర్ ఎవరి గుమ్మం ముందు దిగిందో రికార్డులో ఉంది.

బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ ముద్ర తప్పనిసరి. చిన్న ముక్కల గొట్టం పరీక్ష ఆ ప్రమాణంలో ఉంది. పాదరక్షలకు 2023 జులై 1 నుంచి పెద్ద, మధ్యతరహా తయారీదారులతో మొదలుపెట్టి నాణ్యతా ఉత్తర్వులు వచ్చాయి. వాటి చూపు ప్రధానంగా అట్ట, తోలు, రబ్బరు, మన్నిక మీద. పైన అంటించిన పువ్వు ఎంత లాగితే ఊడుతుందన్నది వాటి బెంగ కాదు. అమెరికా 1980లో వదిలేసిన సందే మనమూ వదిలేశాం. వాళ్లకు బజారుకు వచ్చాక పట్టుకునే ఫిర్యాదుల యంత్రాంగం ఉంది. మనకు చట్టం ఉంది గానీ ఫిర్యాదు ఇంకా అలవాటు కాలేదు.

విజయవాడ బీసెంట్ రోడ్డులోనో కోఠి సుల్తాన్‌బజారులోనో తోపుడుబండి మీద పిల్లల శాండిల్స్ తీసి చూడండి. ఏడాది బిడ్డకు పట్టే సైజు. పైన గుడ్డపువ్వు, మధ్యలో ముత్యంలాంటి పూస, అంచుల్లో చమ్కీలు. పువ్వును వేలితో ఒక పక్కకు వంచితే కింద పసుపుపచ్చ సొల్యూషన్ కనపడుతుంది. కుట్టు ఒక్కటీ ఉండదు. కొత్తగా ఉన్నప్పుడు గట్టిగానే పట్టి ఉంటుంది. మే నెల ఎండకు గుమ్మం దగ్గర ఆరి, వానకు తడిసి, మళ్లీ ఆరితే ఆ పట్టు సడలుతుంది. పూస ఇంకా ముందే వచ్చేస్తుంది. లోపల కంపెనీ పేరు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉన్నా నిజం పేరో కాదో తెలియదు. బ్యాచ్ నంబరు లేదు, బిల్లు లేదు. ఈ జతను రీకాల్ చేయాలని ఢిల్లీలో ఎవరైనా సంకల్పించినా ఎవరికి చెబుతారు, దేన్ని వెనక్కి తెమ్మంటారు?

అందుకే నాకు రీకాల్ మీద పెద్ద ఆశ లేదు. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి, పెద్ద దుకాణాల సరుకుకు అది పనికొస్తుంది. తోపుడుబండి మీది జతకు పనికొచ్చేది ముందు జాగ్రత్త ఒక్కటే. అది కొనేవాళ్ల మీద వేస్తే సరిపోదు, తయారీ దగ్గరే ఒక్క వాక్యం చాలు: మూడేళ్ల లోపు సైజుల్లో, తీసేసినా చెప్పు చెప్పుగా ఉండే ఏ భాగమైనా బొమ్మల పరీక్షకు తట్టుకోవాలి, లేదా ఉండకూడదు. గుండీలకు, బకిల్స్‌కు ఇబ్బంది రాదు. పువ్వును అంటించే బదులు కుడితే జతకు అయ్యే అదనపు ఖర్చు పెద్దదేమీ కాదు. చిత్రం కావాలంటే ప్రింటు వేసుకోవచ్చు, దారంతో అల్లుకోవచ్చు.

ఆ వాక్యం వచ్చేలోపు ఇంట్లో చేయగలిగినది కొంత ఉంది. కొన్న రోజున అలంకారాన్ని గట్టిగా లాగి చూడటం, కదిలితే కత్తెరతో పూర్తిగా తీసేయడం. మొహమాటం అక్కర్లేదు, పువ్వు లేకపోయినా చెప్పు నడుస్తుంది. కాళ్ల పట్టీల మువ్వలకు, చేతి దిష్టిపూసలకు కూడా ఇదే వర్తిస్తుంది. నిజంగా అడ్డం పడితే బిడ్డ గట్టిగా దగ్గుతున్నంతసేపు దగ్గనివ్వాలి. దగ్గు రాక, మాట రాక గింజుకుంటుంటే, ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, రెండు భుజాల మధ్య వీపు మీద అరచేతి మడమతో ఐదు దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఐదు నొక్కులు. వచ్చేదాకా మార్చి మార్చి. ఏడాది దాటినవాళ్లకు వీపు దెబ్బలు, తర్వాత వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన లోపలికి, పైకి నొక్కడం. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కనపడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి కెలకడం మన ఇళ్లల్లో మొదట జరిగే పని. అదే చేయకూడనిది, ముక్క ఇంకా లోపలికి జారుతుంది.

ఊడిన ముక్కను, ఆ చెప్పును పారేయకుండా ఒక కవరులో పెట్టి ఫిర్యాదు చేయొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. చట్టంలో 17వ సెక్షన్ ఇంకో దారి కూడా ఇచ్చింది, ఫిర్యాదు జిల్లా కలెక్టరుకే రాసివ్వొచ్చు. సోమవారాల్లో కలెక్టరేట్ ముందు పట్టాదారు పుస్తకాలతో, పింఛను కాగితాలతో నిలబడే వరసలో పూస ఊడిన పసిపిల్ల చెప్పుతో నిలబడటానికీ అంతే హక్కు ఉంది. ఆ హక్కును వాడుకునేవాళ్లు నలుగురు తయారైతే, బొమ్మలకు పెట్టిన గొట్టం చెప్పులకు ఎందుకు పెట్టలేదని అడగడానికి కలెక్టరు చేతిలో ఒక ఫైలు ఉంటుంది.